నాణేల తుపాకీ, వెదురు తుపాకీ, కార్బైడ్ గొట్టం: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని రాయగడలో మాది ఆటబొమ్మల దుకాణం. చైత్రంలో మజ్జిగౌరమ్మ జాతరకు అటు పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి, ఇటు గుణుపురం, బిస్సంకటక్ వైపు నుంచి జనం వస్తారు. పిల్లల చేతుల్లో తుపాకీ బొమ్మ లేకుండా తిరిగి వెళ్లే కుటుంబాలు తక్కువ. ఆ తర్వాత వారం రోజుల పాటు దుకాణంలోనూ ఫోనులోనూ అవే సందేహాలు. అందుకే అన్నిటికీ ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## కొనే ముందు

నాణేల తుపాకీ అంటే అసలు ఏమిటి? అది ఎలా పనిచేస్తుంది?

ఈ పేరుతో మూడు రకాల బొమ్మలు తిరుగుతున్నాయి. మొదటిది బిళ్లల తుపాకీ. గుండ్రటి ప్లాస్టిక్ బిళ్లలనో నురుగు బిళ్లలనో ఒకదాని మీద ఒకటి పేర్చి, మీట నొక్కితే లోపలి స్ప్రింగు అడుగు బిళ్లను తోసేస్తుంది. రెండోది నాణేన్నే పెట్టి కొట్టేలా చీలిక ఉంచి చేసినది. ఇందులో స్ప్రింగో రబ్బరో ఉంటుంది. మూడోది పెళ్లిళ్లలో కనిపించే నోట్ల తుపాకీ. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు, రబ్బరు చక్రం కలిసి కాగితాలను ఒక్కొక్కటిగా బయటికి విసురుతాయి. గాయాల విషయంలో నేను ఎక్కువగా భయపడేది మొదటిదానికే. చూడడానికి అమాయకంగా ఉంటుంది, కానీ బిళ్ల పట్టే చోట నాణెం కూడా పడుతుంది.

ఇది ఈ మధ్య వచ్చిన పిచ్చేనా, ముందు నుంచీ ఉందా?

ముందు నుంచీ ఉంది. అమెరికాలో 19వ శతాబ్దంలోనే పోత ఇనుముతో చేసిన డబ్బుల డిబ్బీలు నాణేలను పేల్చేవి. 1877లో పేటెంటు పొందిన క్రీడ్‌మూర్ డిబ్బీలో ఒక సిపాయి తుపాకీ మీద నాణెం పెట్టి మీట నొక్కితే అది ఎదురుగా ఉన్న చెట్టు మొద్దులోని చీలికలోకి దూరేది. 1896 నాటి విలియం టెల్ డిబ్బీలో నాణెం దెబ్బకు పిల్లవాడి తల మీది ఆపిల్ పడిపోయేది. ఆ బొమ్మల్లో నాణెం ప్రయాణించేది కొద్ది అంగుళాలే, అదీ డిబ్బీలోకే. ఇప్పటి వాటిలో నాణెం ఎటు పోతుందో పేల్చే పిల్లవాడికే తెలియదు.

ఏ వయసు పిల్లలకు కొనవచ్చు?

మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఏ పేల్చే బొమ్మా వద్దు. పేల్చేది అన్నయ్యే అయినా, నేల మీద పడిన బిళ్ల తమ్ముడి నోట్లోకి వెళుతుంది. ఆ తర్వాత కూడా పెట్టె మీద రాసిన వయసు కన్నా మీ పిల్లవాడి తీరు చూసుకోండి. "ముఖం వైపు గురిపెట్టకు" అని ఒకసారి చెబితే వింటాడా, నాలుగుసార్లు చెప్పినా వినడా అన్నది మీకే తెలుసు. నా దుకాణంలో ఎనిమిదేళ్ల లోపు వారికి గట్టి గుండు పేల్చే బొమ్మ ఏదీ ఇవ్వను.

పెట్టె మీద ఏం చూడాలి?

ఐఎస్ఐ గుర్తు. మన దేశంలో 14 ఏళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. గుర్తు పైన ప్రమాణం సంఖ్య, కింద సీఎం/ఎల్ అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు సంఖ్య ఉంటాయి. మామూలు బొమ్మలకు ఐఎస్ 9873, బ్యాటరీతో నడిచేవాటికి ఐఎస్ 15644. లైసెన్సు సంఖ్యను ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే అది నిజమైనదో కాదో తెలుస్తుంది. జాతరలో గోనెపట్టా మీద పరిచి అమ్మేవాటికి పెట్టే ఉండదు, గుర్తు సంగతి చెప్పనక్కరలేదు. అక్కడ కొనాల్సి వస్తే గాలిపటమో రంగులరాట్నమో కొనండి.

ఒక మాట. గుర్తు ఉన్న బొమ్మను పరీక్షించేది దానితో వచ్చిన గుండుతో. మీ పిల్లవాడు అందులో రేపు కూరబోయే వస్తువుతో కాదు. నా వరకు తుపాకీ బొమ్మను తూచే తూనిక ఒక్కటే: దాని నోట్లో ఇంకేం పడుతుంది? నురుగు బాణం మాత్రమే పట్టే గొట్టం కొంత నయం. నాణెం, గులకరాయి, మేకు, ఏది పెట్టినా మింగేసే చీలిక ఉంటే ఎంత మంచి కంపెనీదైనా నేను అమ్మను.

అచ్చం నిజం తుపాకీలా ఉన్నదే కావాలంటున్నాడు. కొనిస్తే తప్పా?

ఈ జిల్లాల్లో వద్దు. రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి దారుల్లో బలగాల తనిఖీలు మనకు కొత్త కాదు. చీకట్లో, దూరం నుంచి నల్లటి గొట్టం ఆటదో అసలుదో ఎవరూ చెప్పలేరు. పచ్చగానో ఎర్రగానో, ఎంత దూరం నుంచైనా బొమ్మ అని తెలిసేది కొనండి. నారింజ రంగు మూతిని నల్ల రంగుతో పూసి ఆడే పిల్లలు ఉన్నారు. ఆ పని చేస్తే బొమ్మ తీసేసుకోండి.

## ఆడేటప్పుడు

బిళ్లలన్నీ పోయాయి. బదులుగా రూపాయి నాణేలు పెడితే ఏమవుతుంది?

నన్ను అందరికన్నా ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది. కొన్నేళ్ల కిందట ఒక తల్లి మా దుకాణానికి వచ్చి, బల్ల మీద రెండు వస్తువులు పెట్టింది. ఒకటి నేను అమ్మిన బిళ్లల తుపాకీ. రెండోది రెండు రూపాయల నాణెం. ఏమీ మాట్లాడలేదు. పక్కన నిలబడిన అబ్బాయి కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. ఆ సాయంత్రం తుపాకీతో వచ్చే ప్లాస్టిక్ బిళ్లను నాణెం మీద పెట్టి చూశాను. చుట్టూ వెంట్రుక వాసి తేడా లేదు. ఆ నాణెం వెడల్పు 25 మిల్లీమీటర్లు, బిళ్లదీ అంతే. పిల్లలు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు, బొమ్మే వాళ్లకు దారి చూపింది.

ఎందుకు అంత ప్రమాదమో చెబుతాను. స్ప్రింగులో దాగిన శక్తి బిళ్ల మారితే మారదు. నురుగు బిళ్ల తేలిక కాబట్టి గాలి తగలగానే వేగం పోగొట్టుకుంటుంది, తగిలిన చోట తానే నలుగుతుంది. నాణెం అలా కాదు. 2011 నమూనా రూపాయి బరువు 3.79 గ్రాములు, రెండు రూపాయలది 4.85, అయిదు రూపాయలది 6 గ్రాములు. బరువు వల్ల నెమ్మదిగానే బయలుదేరుతుంది కానీ దారిలో శక్తి పోగొట్టుకోదు, తగిలినప్పుడు నలగదు. పైగా అది అంచు మీద తగులుతుంది. రూపాయి అంచు మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు. దెబ్బ బలమంతా ఆ సన్నటి గీత మీద పడితే చర్మం తెగుతుంది. కంటికి తగిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా? రబ్బరు బిగించి వేగం రెట్టింపు చేస్తే దెబ్బ రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది.

బిళ్లలు పోతే కొత్త బిళ్లలు కొనండి. దొరకకపోతే తుపాకీని అటక మీద పెట్టేయండి.

నాణేలను ఇలా వాడితే చట్ట ప్రకారం తప్పా?

నాణేలను కరిగించడం, ధ్వంసం చేయడం 2011 నాటి నాణేల చట్టం కింద నేరం. ఆడుకునే పిల్లవాడిని ఎవరూ పట్టుకుపోరు గానీ, నాణేలను రాయి మీద అరగదీసి అంచు పదును చేసే అలవాటు కొందరికి ఉంది. అది చట్టానికీ విరుద్ధం, ఒంటికీ ప్రమాదం.

నీళ్లలో ఉబ్బే రంగు ముత్యాలను పేల్చే తుపాకీ మెత్తనిదే కదా?

తగిలినప్పుడు చితికిపోతాయి కాబట్టి చర్మానికి నాణెం అంత హాని చేయవు. కంటికి మాత్రం దగ్గర నుంచి తగిలితే అవీ గాయం చేస్తాయి. అసలు ముప్పు వేరే ఉంది. ఉబ్బక ముందు అవి ఆవగింజంత ఉంటాయి. చంటిపిల్లలు మింగితే కడుపులో నీరు పీల్చి ఎన్నో రెట్లు పెరిగి పేగుకు అడ్డం పడతాయి. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో ఈ పొట్లం విప్పవద్దు.

బంగాళాదుంప తుపాకీ మంచిదేనా?

చిన్న స్ప్రింగు రకం మంచిదే. దాని మూతిని దుంపలో గుచ్చితే చిన్న ముక్క ఇరుక్కుంటుంది, మీట నొక్కితే టప్పున ఎగిరిపోతుంది. పచ్చి దుంప తడిగా, తేలికగా ఉంటుంది కాబట్టి నాలుగడుగులు వెళ్లి పడిపోతుంది. అదే పేరుతో పెద్ద ప్లాస్టిక్ పైపులో మంట పెట్టి దుంపలు పేల్చేవి ఆటబొమ్మలు కావు, వాటి జోలికి పోకండి.

కళ్లద్దాలు పెట్టుకుంటే చాలా?

చూపు కోసం పెట్టుకునే అద్దాలు చాలవు. పగిలితే ఆ ముక్కే కంటికి గుచ్చుకుంటుంది. వెల్డింగు సామాను అమ్మే దుకాణాల్లో పక్కలు కూడా మూసి ఉండే పాలికార్బొనేట్ రక్షణ అద్దాలు దొరుకుతాయి. పేల్చేవాడూ, చుట్టూ నిలబడ్డవాళ్లూ అందరూ పెట్టుకోవాలి. ఒక్కరు పెట్టుకోకపోయినా ఆట ఆపండి.

## పిల్లలే చేసుకునేవి

జగదల్‌పూర్ నుంచి మామయ్య వెదురు తుపాకీ తెచ్చాడు. ఇవ్వవచ్చా?

అది తుప్కీ. జయపురం దాటి బస్తర్ వైపు వెళితే జగదల్‌పూర్‌లో ఆషాఢంలో రథయాత్రను గోంచా పండుగగా జరుపుతారు. జగన్నాథుడి రథానికి వందనంగా తుప్కీలు పేలుస్తారు. అందులో వేసేది మాల్కంగిని తీగకు కాసే పెంగు కాయలు. మన పల్లెల్లో పిల్లలు పచ్చి వేపకాయలతోనో, నానబెట్టిన కాగితం ఉండలతోనో చేసుకునే వెదురు తుపాకీకి అది అన్నగారు.

దాని పనితనం చూడముచ్చటగా ఉంటుంది. కణుపులు లేని సన్నటి వెదురు గొట్టం, అందులో బిగుతుగా దూరే కర్ర. ఒక కాయను గొట్టం చివరిదాకా నెట్టి అక్కడ బిగిస్తారు. వెనక నుంచి రెండో కాయ పెట్టి కర్రతో తోస్తారు. రెండు కాయల మధ్య చిక్కిన గాలికి దారి ఉండదు. అది నలిగి నలిగి ముందు కాయను టప్‌మని తోసేస్తుంది. వెనక కాయ ముందుకొచ్చి తర్వాతి దెబ్బకు సిద్ధంగా ఉంటుంది. మందు లేదు, మంట లేదు. గాలి నొక్కుడు అంటే ఏమిటో బడిలో పది రోజులు చెప్పినా రానిది, ఇది చేతిలో పట్టుకున్న పిల్లవాడికి ఒక్క క్షణంలో వస్తుంది.

ఇవ్వండి. షరతులు మూడు: మెత్తటి కాయే వేయాలి, గొట్టం మూతికి పీచు లేకుండా గీకి నునుపు చేయాలి, మనుషుల ముఖం వైపు తిప్పకూడదు. మెత్తటి కాయ కూడా అరచేతి దూరం నుంచి కంటికి తగిలితే గాయమే.

గురివింద గింజలు, ఆముదం గింజలు గుండ్లుగా వాడుతున్నారు. పర్వాలేదా?

వెంటనే తీసేయండి. రెండూ విషగింజలే. పై పెంకు గట్టిగా ఉన్నంతసేపు కొంత అడ్డు ఉంటుంది కానీ, నమిలితే గురివిందలోని అబ్రిన్, ఆముదం గింజలోని రిసిన్ ప్రాణాల మీదికి తెస్తాయి. గుండ్లను నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ తీసి పేల్చడం పిల్లల అలవాటు. నమిలినట్లు అనుమానం వచ్చినా లక్షణాల కోసం చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి, మిగిలిన గింజలు చూపించండి.

సీసా మూతికి బెలూను కట్టి రాళ్లు కొడుతున్నారు. అది చిన్న ఆటే కదా?

కాదు. బెలూను సాగదీసి వదిలితే అది ఉండేలుకు తీసిపోదు. గులకరాయి పిట్టను చంపగలదు. కాగితం ఉండతో, గోడ మీద గీసిన గురికి కొట్టడం వరకు ఒప్పుకోండి.

దీపావళికి పైపు తుపాకీ కావాలంటున్నాడు. అందులో కార్బైడ్ వేస్తారట. ప్రమాదమా?

అవును. ఈ పేజీలో ఒక్క జవాబే చదువుతానంటే ఇది చదవండి.

కాల్షియం కార్బైడ్‌కు నీరు తగిలితే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. వెల్డింగు చేసేది దానితోనే. గాలిలో నూటికి రెండున్నర పాళ్లు ఉన్నా నిప్పురవ్వకు పేలుతుంది. ప్లాస్టిక్ పైపు ఆ పేలుడును ఆపేలా చేసినది కాదు, చీలితే ముక్కలు కత్తుల్లా వస్తాయి. ఎక్కువ మందికి కన్ను పోయేది మాత్రం పేలనప్పుడు. పేలలేదేమని పిల్లవాడు గొట్టంలోకి తొంగి చూస్తాడు. సరిగ్గా అప్పుడే పేలుతుంది. మంటతో పాటు కార్బైడ్ రవ్వలు, నీటితో కలిసి ఏర్పడిన సున్నం కంట్లోకి వెళతాయి. కన్ను కాలడమూ, సున్నం తినేయడమూ ఒకేసారి జరుగుతాయి.

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో, భోపాల్, విదిశ ప్రాంతాల్లో ఇదే తుపాకీతో వంద మందికి పైగా కళ్లకు గాయాలై ఆసుపత్రుల పాలయ్యారు. ఎక్కువ మంది పిల్లలే. కొందరికి చూపు పోయింది. ఆ తుపాకీ ధర రెండు వందల రూపాయల లోపు. దీనిని అమ్మమని నన్నూ అడిగారు. చచ్చినా అమ్మను. వీడియోలు చూసి ఇంట్లో చేస్తామని పిల్లలు అంటే, చేయవద్దని చెప్పి వదలకండి, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పండి.

మా పొలంలో కోతులను తోలడానికి అదే వాడుతున్నాం. మానేయాలా?

పిల్లలకు అందనివ్వవద్దు, ఇది మొదటి మాట. పొలంలో పెట్టిన తుపాకీ ఇంటికొచ్చి ఆట అవుతుంది. కార్బైడ్ నిల్వకు, అమ్మకానికి 1987 నాటి నిబంధనలు ఉన్నాయి, కాయలు మాగబెట్టడానికి వాడడం నిషేధం. అది తడి తగలకుండా, తాళం వేసి ఉండాల్సిన వస్తువు. కోతులు ఏ చప్పుడుకైనా కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి కాబట్టి డప్పు, డబ్బా, కుక్క, మనిషి కాపలా మార్చి మార్చి వాడడమే మేలు. ఏనుగులు వస్తే మాత్రం దగ్గరికి వెళ్లి ఏ పేలుడూ చేయకండి, అటవీ శాఖకు ఫోను చేయండి.

## పెళ్లిళ్లు, ప్రయాణాలు

అన్నయ్య పెళ్లి ఊరేగింపులో నోట్ల తుపాకీ పేల్చవచ్చా?

బొమ్మ నోట్లతో పేల్చండి. అసలు నోట్లను దండలు కట్టడానికి, మనుషుల మీద చల్లడానికి వాడవద్దని రిజర్వు బ్యాంకు ఎప్పటి నుంచో కోరుతోంది. కాళ్ల కింద నలిగేది గాంధీగారి బొమ్మ అన్నది ఒకటైతే, ఆ నోట్ల కోసం బళ్ల మధ్యకు పరుగెత్తేది వీధి పిల్లలు అన్నది మరొకటి. నాకు రెండోదే ఎక్కువ బాధ. చెమ్కీ కాగితాలు చిమ్మే గొట్టాలు వాడితే మూతి ఆకాశం వైపే ఉంచండి, అందులో బిగించిన గాలి ముఖానికి గట్టిగానే కొడుతుంది.

విశాఖ నుంచి విమానంలో వెళుతున్నాం. బొమ్మ తుపాకీ చేతి సంచిలో పెట్టవచ్చా?

పెట్టకూడదు. బొమ్మ అయినా భద్రతా తనిఖీలో ఆపేస్తారు.

## దెబ్బ తగిలాక

నాణెం కంటికి తగిలింది. పైకి ఏమీ కనిపించడం లేదు. రేపు చూపించవచ్చా?

ఈ రోజే చూపించండి. కంటి లోపల రక్తం చేరినా మొదట్లో కొద్దిగా ఎరుపు, మసక తప్ప తెలియకపోవచ్చు. నల్లగుడ్డు అడుగున ఎర్రటి గీతలా రక్తం పేరుకుంటే మొదటి అయిదు రోజుల్లో మళ్లీ కారే ముప్పు ఉంటుంది. పిల్లవాడిని తల ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టండి. రుద్దనివ్వకండి, నొక్కకండి. కాగితపు కప్పు అడుగును కంటి చుట్టూ ఎముకకు ఆనించి, కనుగుడ్డుకు తగలకుండా ప్లాస్టరుతో అతికించండి. ఏదైనా గుచ్చుకుని ఉంటే లాగవద్దు. ఆస్పిరిన్ ఇవ్వవద్దు. చనుబాలు, నూనె, పసుపు, ఆకు పసరు ఏవీ పోయవద్దు. పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు, గట్టిగా కాదనండి. తగ్గిన తర్వాత కూడా ఏడాదికోసారి కంటి ఒత్తిడి పరీక్ష చేయించండి, ఇలాంటి దెబ్బ ఏళ్ల తర్వాత గ్లాకోమాకు దారితీయవచ్చు.

కార్బైడ్ కంట్లో పడితే?

ముందు నీళ్లు, తర్వాత ప్రయాణం. ముఖం మీది పొడిని పొడిగుడ్డతో దులిపి, రెప్పలు విప్పి పట్టుకుని, ధారగా పారే శుభ్రమైన నీటితో అరగంట కడగండి. పిల్లవాడు ఏడుస్తాడు, ఆపకండి. ఆసుపత్రికి వెళ్లే దారిలోనూ సీసాతో పోస్తూ వెళ్లండి.

నాణెం మింగేశాడు. అరటిపండు పెడితే దిగుతుందా?

ఏమీ పెట్టకండి. వాంతి చేయించకండి, కనిపించని నాణెం కోసం గొంతులో వేలు తిప్పకండి. కడుపులోకి దిగిన నాణెం చాలాసార్లు కొద్ది రోజుల్లో దానంతట అదే బయటికి వస్తుంది. అన్నవాహికలో ఇరుక్కుంటే తీయాలి. ఎక్కడుందో చెప్పేది ఎక్స్‌రే ఒక్కటే. చొంగ కారినా, మింగలేకపోయినా, ఛాతీ నొప్పి అన్నా ఆలస్యం వద్దు. ఊపిరి ఆడక, మాట రాకపోతే, ఏడాది దాటిన పిల్లలకు వీపు మీద అయిదు చరుపులు, ఆపై బొడ్డు పైన లోపలికి, పైకి అయిదు నొక్కుళ్లు మార్చి మార్చి ఇస్తూ 108కి ఫోను చేయించండి.

మింగింది నాణెమో, బొమ్మలోని బ్యాటరీ బిళ్లో తెలియడం లేదు.

బ్యాటరీ అనుకునే పరుగెత్తండి. లైటు వెలిగే తుపాకుల్లో గుండ్రటి బ్యాటరీ ఉంటుంది. అది అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే కాల్చేయగలదు. ఏడాది దాటిన పిల్లవాడై, మింగగలుగుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల తేనె, ఆరుసార్ల వరకు ఇవ్వవచ్చు. తేనె కోసం వెతుకుతూ ఆగవద్దు. ఎక్స్‌రేలో నాణెం ఒకే వలయంగా, బ్యాటరీ రెండు వలయాలుగా కనబడుతుంది. "బ్యాటరీ కావచ్చు" అన్న మాట డాక్టరుకు మీరే ముందు చెప్పండి.

ఆసుపత్రిలో ఒడియా రాక తడబడుతున్నాం. ఏం చెప్పాలి?

"ఆఖిరే పైసా బాజిలా" అంటే కంటికి నాణెం తగిలింది. "పైసా గిళిదేలా" అంటే నాణెం మింగాడు. దానితో పాటు ఎన్ని గంటలకు జరిగిందో, చివరిసారి ఎప్పుడు తిన్నాడో చెప్పండి. మత్తు ఇవ్వాల్సి వస్తే అది అవసరం. పేల్చిన వస్తువును కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. జిల్లా ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి పంపితే కొరాపుట్ మెడికల్ కాలేజీయో, విశాఖో అక్కడే నిర్ణయించుకుని బయలుదేరండి. ఇంటికి వచ్చి ఆలోచిద్దామంటే పూట గడిచిపోతుంది.

మా ఇంట్లో ఇప్పటికే బిళ్లల తుపాకీ ఉంది. పారేయాలా?

పారేస్తే చెత్తకుప్పలో ఇంకొక పిల్లవాడికి దొరుకుతుంది. వెనక ఉన్న మరలు విప్పి స్ప్రింగు తీసేయండి. స్ప్రింగు ఎగిరి ముఖానికి తగలకుండా గుడ్డ కప్పి విప్పండి. రాయగడ వైపు వస్తే నా దగ్గరికి తీసుకురండి, ఏ దుకాణంలో కొన్నదైనా సరే. స్ప్రింగు నేనే తీసి, బదులుగా పిల్లవాడికి ఒక బొంగరం ఇస్తాను.